ఎడ్ల తీరికను మింగిన చెరుకు

మా ప్రాంతం చరిత్ర రాసేవాళ్లు 1931 దగ్గర మొదలుపెడతారు. మంజీర మీద అచ్చంపేట దగ్గర నిజాంసాగర్ కట్టడం పూర్తయిన సంవత్సరం అది. 1923లో పని మొదలైంది. నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్ దాని ఇంజనీరు. 2 లక్షల 75 వేల ఎకరాలు పారించాలని లెక్క వేశారు. ఆ వెనకాలే 1937 వస్తుంది, బోధన్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ, దాని చుట్టూ శక్కర్‌నగర్. నీళ్లు, చక్కెర, కోస్తా జిల్లాల నుంచి వచ్చి క్యాంపులు కట్టుకున్న రైతులు, జానకంపేట దగ్గర చీలి బోధన్‌కు పోయే రైలు పట్టా, ఇవన్నీ రాతలోకి ఎక్కాయి. ఆ చెరుకును పొలంలోంచి ఫ్యాక్టరీ కాటా దాకా లాగిన ఎడ్ల గురించి మాత్రం నేను చదివిన వాటిలో ఒక పేరా కూడా కనిపించలేదు. వాటిని పెంచిన ఇళ్లలో ఒక ఇంటి ఆడబిడ్డగా నాకు తెలిసింది రాస్తున్నాను.

నేను నవీపేట్ దగ్గర, గోదావరికి ఇవతలి ఒడ్డు పల్లెలో పుట్టాను. మెట్టినిల్లు కూడా ఆ చుట్టుపక్కలే. తాత కాలంలో మా కొట్టంలో మూడు జతల ఎడ్లు, నాలుగైదు ఆవులు, రెండు బర్రెలు, లెక్కకు రాని దూడలు ఉండేవి. ఎడ్ల పని అంటే మేడి పట్టిన మగవాళ్ల పని అని అనుకుంటారు. చీకటితోనే లేచి పెండ తీసి, మూత్రం నిలిచిన చోట బూడిద చల్లి, కుడిది కలిపి తాగించి, సొప్ప నరికి ముందర వేసేది అమ్మ, నాయనమ్మ, నేను. ఎడ్లు కాడి కిందికి పోకముందే మా ఒక పూట పని అయిపోయేది.

పెద్దలు చెప్పింది, నేను చూసింది కలిపితే ఒక సంగతి తేలుతుంది. కాలువ, ఫ్యాక్టరీ వచ్చాయంటే యంత్రాల కాలం వచ్చినట్టే, ఎడ్లకు పని తగ్గి ఉంటుందని చాలామంది అనుకుంటారు. మా దగ్గర అందుకు ఎదురు జరిగింది. కాలువ నీళ్లతో వరి పెరిగింది, వరితో దమ్ము పెరిగింది. ఫ్యాక్టరీతో చెరుకు పెరిగింది, చెరుకుతో బండి తోలకం పెరిగింది. ఏడాదిలో ఎడ్లకు మిగిలే రెండు మూడు నెలల తీరిక పోయింది. మూడు నాలుగు దశాబ్దాల పాటు ఈ ప్రాంతంలో ఎడ్లు అంతకు ముందు ఎన్నడూ చేయనంత పని చేశాయి.

ఆ తీరిక ఎట్లా ఉండేదో ముందు చెప్పాలి.

ఎడ్లకు సంవత్సరం మా దిక్కు మిరుగంతో మొదలవుతుంది. జూన్ 7, 8 తారీఖుల్లో మృగశిర కార్తె. ఆనాడు చేపలు తినడం అందరికీ తెలిసిందే. రైతు ఇంట్లో అంతకు నెల ముందు నుంచే హడావిడి. వైశాఖంలో పెంటకుప్ప తవ్వి బండ్లతో చెలకలకు తోలేవాళ్లు. చెరువు ఎండితే అడుగు మట్టి తోలేవాళ్లు. గొల్ల కురుమల గొర్ల మందను రాత్రిపూట చెలకలో పెట్టించుకుని వాళ్లకు జొన్నలు కొలిచేవాళ్లు. వడ్లాయన నాగలి దుంప, కాడి, జడ్డిగం సరిచేసి ఇచ్చేవాడు. కమ్మరి కర్రు సాగగొట్టేవాడు. మాదిగ ఇంటి నుంచి పట్టెడలు, వార్లు, మోట తోలుతిత్తి వచ్చేవి. వీళ్లందరికీ కల్లంలో గింజలు ముట్టేవి. ఆ చేతులన్నీ కలిస్తేనే జత ఎడ్లు చెలకలోకి దిగేది.

వాన పడంగానే గుంటుక, ఆ తర్వాత జడ్డిగంతో జొన్న, పెసర, మినుము. ఆరుద్రలో మడి దున్నకం. నీళ్లు నిలిచిన మడిలో దమ్ము చేయడం ఎడ్లకు అన్నింటికన్నా కష్టం. గిట్టల సందులు నానిపోతాయి, మెడ మీద కాడి రాసుకుని తోలు లేస్తుంది. శ్రావణం వచ్చేసరికి దంతె తోలకం కూడా ముగింపుకు వస్తుంది. సరిగ్గా అప్పుడే శ్రావణ అమావాస్య, పొలాల పండుగ.

పొలాలను మరాఠా దేశం పండుగ అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. నాందేడు పక్కనున్న మా ఊళ్లకు అది ఎంత వాళ్లదో అంత మాది. ముందురోజు సాయంత్రం ఎడ్ల మెడలకు, భుజాలకు వెన్నలో పసుపు కలిపి పట్టించి మర్దన చేస్తారు. రెండు నెలలు కాడి మోసిన చోట పుండ్లు మానడానికి అదే వైద్యం. తెల్లవారి వాగుకో చెరువుకో తోలుకుపోయి కడుగుతారు. కొమ్ములు చెక్కి రంగులేస్తారు, కొత్త ముకుతాళ్లు, కొత్త పగ్గాలు కడతారు, నడుము మీద ఝూలు కప్పుతారు. సాయంత్రం డప్పులతో హనుమాండ్ల గుడి చుట్టూ తిప్పి ఇంటికి తెస్తే, కడపలో కాళ్లు కడిగి, బొట్టు పెట్టి, పోలెలు తినిపిస్తాం. ఆనాడు ఎంత మంచి అదును ఉన్నా కాడి కట్టరు. మా అమ్మ పోలెలు చేసినప్పుడు మొదటి వాయి ఎడ్లకే తీసేది. మాకు అది చిన్నచూపు అనిపించలేదు. ఆ ఏటి జొన్నలు వాటి మెడల నుంచి వచ్చాయని ఆ ఇంట్లో పిల్లలకు కూడా తెలుసు.

హస్త, చిత్త కార్తెల్లో యాసంగి జొన్న, శెనగ విత్తుడు. కార్తీకంలో వరి కోత. పుష్యం దాకా కల్లం. కల్లం మధ్యన గుంజ పాతి, దాని చుట్టూ మెదలు పరిచి, ఎడ్లను వరుసగా కట్టి బంతి తిప్పేవాళ్లు. లోపలి వైపు ముసలి ఎద్దు, బయటి వైపు చురుకైన కోడె. లోపలిది మెల్లగా తిరిగితే చాలు, బయటిది దూరం నడవాలి. చలికాలం రాత్రుల్లో బంతి నడిచేది. ఎడ్ల మూతులకు చిక్కాలు కట్టేవాళ్లు కానీ మా తాత మధ్యమధ్యన విప్పేవాడు, తొక్కినదాంట్లో నాలుగు కంకులు వాటికి ముట్టాలని.

చలికాలానికే ఇంకో పని పెట్టుకునేవాళ్లు. రెండేళ్లు దాటిన కోడెల విత్తులు నొక్కించడం, కాడి మరపడం. ఈగలు తక్కువ, పుండు పడ్డా తొందరగా మానుతుంది. వెనకట రాళ్లతో, కట్టెలతో నలగ్గొట్టేవాళ్లు. చెబితేనే ఒళ్లు జలదరిస్తుంది. ఇటలీలో పశువైద్యుడు బర్డిజో తయారు చేసిన పట్టకారు పశువుల దవాఖానాలకు చేరాక తోలు తెగకుండా, నెత్తురు కారకుండా ఆ పని అయిపోయింది. ఎక్కడో ఐరోపాలో పుట్టిన ఒక ఇనుప పనిముట్టు మా కోడెల నొప్పిని తగ్గించింది. దాని పేరు ఆ దవాఖానా జవాను నోట్లో ‘బుడ్జో’ అయింది.

కోడెను మరపడం నెలల పని. మొదట ముసలి ఎద్దు పక్కన ఒట్టి కాడి, తర్వాత కాడికి కట్టిన మొద్దు, తర్వాత ఖాళీ బండి. ఎడమ పక్కన నడిచేది దాపటి ఎద్దు, కుడి పక్కన నడిచేది వలపటి ఎద్దు. ఏ కోడె ఏ పక్కకు ఒదుగుతుందో మొదటి వారంలోనే తెలుస్తుంది. ఒకసారి ఒదిగాక పక్క మారిస్తే జన్మలో సరిగా నడవదు.

కల్లం ఎత్తాక మాఘం చివర నుంచి చైత్రం దాకా తీరిక. బావి కింద మిరప, ఉల్లి ఉన్నవాళ్ల ఎడ్లు పొద్దున పూట మోట కొట్టేవి. పెళ్లిళ్లకు, జాతరలకు బండి కట్టేవాళ్లు. మిగతా కాలం అవి బంచరాయి మీద, కోసిన మళ్లలో, గోదావరి ఒడ్డున మేసేవి. దున్నకాలంలో బక్కచిక్కిన ఎద్దుకు మళ్లీ కండ పట్టేది అప్పుడే. ఎద్దు పన్నెండేళ్లు పని చేసిందంటే ఈ రెండు మూడు నెలల పుణ్యం.

చెరుకు వచ్చి కూర్చున్నది సరిగ్గా ఈ నెలల మీదనే.

ఫ్యాక్టరీకి ముందు కూడా మా సీమలో చెరుకు ఉంది. బావుల కింద, చెరువుల కింద కొద్ది కొద్దిగా వేసి బెల్లం వండేవాళ్లు. కొయ్య గానుగ ఆడేది. 1870లలో బీహార్‌లోని బీహియాలో థామ్సన్, మిల్న్ అనే ఇద్దరు దొరలు ఇనుప రోలర్ల చిన్న గానుగ చేసి అమ్మారు. అటువంటివి దేశమంతా పాకి పల్లెపల్లెకు చేరాయి. కొయ్య గానుగైనా ఇనుప గానుగైనా తిప్పేది ఎడ్లే. కానీ అది ఇంటి దగ్గరి పని, నాలుగు వారాల పని, జతలు మార్చి మార్చి తిప్పే పని. గానుగ పక్కనే చెరుకు కొనలు కడుపు నిండా తినేవి.

ఫ్యాక్టరీ వచ్చాక లెక్క మారింది. చెరుకు క్రషింగ్ నవంబరులో మొదలైతే మార్చి, ఏప్రిల్ దాకా. ఫీల్డ్‌మన్ వచ్చి తోట చూస్తాడు, పర్మిట్ ఇస్తాడు. పర్మిట్ వచ్చిన రోజున నరకాలి, నరికిన చెరుకును ఆలస్యం లేకుండా కాటాకు చేర్చాలి. ఎండలో పడి ఉన్న చెరుకు రోజురోజుకూ బరువు తగ్గుతుంది, తీపి తగ్గుతుంది. అందుకని రైతు తొందర అంతా ఎడ్ల మీద పడింది. కట్టె చక్రాల బండి మీద టన్ను అటూ ఇటూగా వేసేవాళ్లు. తర్వాత టైరు బండ్లు వచ్చి దానికి దాదాపు రెట్టింపు వేశారు. టైరుబండి సులువుగా నడుస్తుందని సంతోషపడ్డాం, కానీ సులువైన మేరకు బరువు పెంచారు. ఎడ్లకు ఒరిగింది ఏమీ లేదు.

మా ఊరి నుంచి బోధన్ ఒక రాత్రి నడక. పొద్దుగూకాక పది పదిహేను బండ్లు వరసగా కట్టుకుని బయలుదేరేవాళ్లు. ముందు బండి ఎడ్లకు దారి తెలిసి ఉండాలి, వెనక బండ్లలో మనుషులు కునుకు తీసేవాళ్లు. బండి కింద లాంతరు వేలాడేది. తెల్లవారే సరికి ఫ్యాక్టరీ ఆవరణలో క్యూ. ఆ క్యూ ఒక్కోసారి రాత్రి దాకా, ఒక్కోసారి తెల్లారి దాకా. కాడి దించితే బండి జరిపేటప్పుడు మళ్లీ కట్టాలి. అలా గంట గంటకూ కట్టడం, విప్పడం. ఎడ్లకు అక్కడ మేత చెరుకు కొనలు, నీళ్లు దొరికిన చోట నీళ్లు. బాపు తిరిగొచ్చాక మొదట తన బువ్వ అడిగేవాడు కాదు, ఎడ్ల కాళ్లు చూసేవాడు. కంకర రోడ్డు మీద అంత దూరం నడిస్తే గిట్టలు అరుగుతాయి. అంతకు ముందు మా ఊళ్లో ఎడ్లకు నాలలు కొట్టించే అలవాటు తక్కువ, చెలకల నేలకు ఏం అవసరం? చెరుకు బండ్లు మొదలయ్యాక దీపావళి దాటగానే నాలలు కొట్టేవాళ్లు ఊరూరా తిరిగేవాళ్లు. ఎద్దును తాళ్లతో పడేసి, నాలుగు కాళ్లు కలిపి కట్టి, ఒక్కో గిట్టకు రెండేసి నాలలు కొట్టేవాళ్లు. మేము పిల్లలం తల దగ్గర కూర్చుని కండ్లకు గుడ్డ పట్టుకునే పని.

కోడెలను ఈ బండ్లకు కట్టే విషయంలో తాతకూ బాపుకూ ఏటా మాట పట్టింపు. “మొదటి ఏడు చెరుకు బండికి కట్టకురా, ఇంకా బొక్క ముదరలే” అనేవాడు తాత. పర్మిట్ చేతిలో ఉన్న బాపుకు ఆగే దారి లేదు. బాపుది తప్పని నేను అనను. చెరుకు బిల్లు వస్తేనే ఆ ఏడు ఎరువుల బాకీ తీరేది, అక్క పెళ్లి ముహూర్తం పెట్టేది. కానీ తాత చెప్పింది మా కొట్టంలో నిజమైంది. ఆయన కాలంలో పన్నెండు, పదమూడేళ్లు కాడి మోసిన ఎడ్లు ఉండేవి. చెరుకు కాలంలో ఎనిమిది, తొమ్మిదేళ్లకే మోకాళ్లు వాచి అంగడికి పోయేవి.

అంగడి గురించి చెప్పకపోతే నవీపేట్ గురించి చెప్పినట్టే కాదు. శనివారం నవీపేట్ అంగడి. ఇవాళ అది మేకలు, గొర్రెలకు తెలంగాణ అంతటా పేరున్న సంత. బక్రీదుకు, దసరాకు ముందు శనివారాల్లో లారీలు నిలపడానికి జాగా ఉండదు. మా చిన్నప్పుడు ఇక్కడైనా, రెంజల్ వైపు సాటాపూర్ అంగడిలోనైనా ఎడ్ల బేరాలకు రెండు కాలాలు ఉండేవి. మిరుగానికి ముందు కొనేవాళ్లు ఎక్కువ, ధర ఎక్కువ. కల్లం అయ్యాక అమ్మేవాళ్లు ఎక్కువ, ధర తక్కువ. చెరుకు వచ్చాక మూడో కాలం పుట్టింది. దీపావళికి ముందు బండి ఎడ్ల కోసం జనం ఎగబడేవాళ్లు. పళ్లు చూసి వయసు చెప్పడం, సుళ్లు చూడడం, నడిపించి చూడడం, ఆ తర్వాత దళారి తువ్వాల కింద వేళ్లు పట్టుకుని ధర మాట్లాడడం. బేరం కుదిరేదాకా పక్కవాడికి ఒక్క అంకె వినపడదు.

ఎడ్లు ఎక్కువగా వచ్చేది గోదావరి అవతలి నుంచి. నాందేడు, కంధార్, బిలోలి, దెగ్లూరు వైపు నుంచి ఎర్ర కంధారి జత, ఉద్గీర్ దిక్కు నుంచి నలుపు తెలుపు మచ్చల దేవణి జత. ఎర్ర కంధారి ఒంటిరంగు ముదురు ఎరుపు, మనిషి మాట తొందరగా వింటుంది, తక్కువ మేతతో ఎక్కువ దూరం నడుస్తుంది. దేవణి బలమైనది, ఆవు పాలు కూడా ఇస్తుంది. మార్గశిరం చివర లోహా దగ్గర మాలేగాం ఖండోబా జాతరకు మా ఊరి నుంచి బండ్లు కట్టుకుని పోయేవాళ్లు. కోడెలు కొని నడిపించుకుని వచ్చేవాళ్లు. 1956 దాకా నాందేడు కూడా హైదరాబాద్ రాష్ట్రమే. ఆ తర్వాత మధ్యన రాష్ట్రం గీత పడినా ఎడ్ల బేరానికి అది అడ్డం కాలేదు. మరాఠీలో బేరమాడి తెలుగులో తిట్టుకుని ఉర్దూలో రసీదు రాయించుకోవడం మా బాపు తరం వాళ్లకు మామూలే.

జబ్బుల సంగతి కూడా ఈ కథలో పెద్దదే. నాయనమ్మ ముసర పేరు ఎత్తేది కాదు, ‘ఆ పెద్ద రోగం’ అనేది. కండ్లలో నీళ్లు, నోట్లో పుండ్లు, ఆగని పారుడు, వారం తిరగకుండా చావు. ఒక కొట్టంలో దిగిందంటే కొట్టం ఖాళీ. ఆమె చిన్నతనంలో ఒక ఏడు ఊళ్లో సగం కాండ్లు ఖాళీ అయి, ఆడవాళ్లు మగవాళ్లు గడ్డపారలతో చెలక తవ్వి విత్తారట. 1954లో దేశమంతా ముసర నిర్మూలన కార్యక్రమం మొదలైంది. టీకాలు వేసేవాళ్లు ఊళ్లోకి వస్తే మొదట్లో పసులను దాచిపెట్టేవాళ్లట. తర్వాత తామే తోలుకుపోయారు. 2006లో భారతదేశానికి ముసర లేదని అంతర్జాతీయంగా గుర్తింపు వచ్చింది. 2011లో ప్రపంచం మొత్తంలో అది లేకుండా పోయిందని ప్రకటించారు. మనిషికి వచ్చే మశూచి తర్వాత భూమి మీద లేకుండా చేసిన రెండో జబ్బు ఇదే. ఆ మాట రేడియోలో విన్నప్పుడు నాయనమ్మ బతికి ఉంటే బాగుండు అనిపించింది. గొంతువాపు, జబ్బవాపు, గాలికుంటు మాత్రం ఉన్నాయి. వానలకు ముందు టీకా వేయించని ఇల్లు ఇప్పటికీ నష్టపోతుంది.

ఇక మేత. ఎడ్లు పోయింది ట్రాక్టర్ వల్లనే అని అందరూ అంటారు. అది సగమే నిజం. ట్రాక్టర్లు 1970ల నుంచి ఒకటి రెండు కనిపించినా మా పల్లెల్లో చాలా ఏళ్లు ట్రాక్టర్ దున్నేది, ఎడ్లు మిగతా పనంతా చేసేవి. కొట్టాలు ఖాళీ చేసింది మేత కరువు. ఒక ఎద్దుకు రోజుకు ఆరేడు కిలోల ఎండు మేత కావాలి, పచ్చిది వేరే. జొన్న చేసిన ఇంట్లో సొప్ప దొడ్డి నిండా ఉండేది. నీళ్లు వచ్చాక జొన్న పోయింది. చెలక తరి అయింది, చెరుకు అయింది, తర్వాత మక్క, సోయా అయింది. వరిగడ్డి ఉంది కదా అంటారు. వరిగడ్డి కడుపు నింపుతుంది గానీ సొప్ప ఇచ్చే బలం ఇవ్వదు. పసుల కోసం అని సర్కారు లెక్కల్లో ఉన్న బంచరాయి ఇండ్ల జాగలకు, పట్టాలకు పోయింది. 1963 జులై 26న నెహ్రూ శంకుస్థాపన చేసిన పోచంపాడు ప్రాజెక్టు నిండాక నిలిచిన నీళ్లు బాసర దాకా వచ్చాయి. ఏటి ఒడ్డున ఎండకాలం పచ్చగా ఉండే మేత నేలలు వాటి కిందికి పోయాయి. ఆ ప్రాజెక్టు ఎన్ని లక్షల ఎకరాలకు అన్నం పెట్టిందో నాకు తెలుసు, దాన్ని తప్పు పట్టను. ఎండకాలం నీళ్లు దిగినప్పుడు ఆ ఒడ్డున ఇప్పుడు కూడా గడ్డి లేస్తుంది, దూరం నుంచి గొర్ల మందలు వచ్చి మేస్తాయి. కానీ ఊరి పసులకు అది రోజూ పోయి వచ్చే మేత కాలేదు. చివరికి 1990ల తర్వాత వరి కోత మిషన్లు వచ్చాయి. అవి గడ్డిని చితగ్గొట్టి మడిలో పారబోస్తాయి. అది ఏరడం కన్నా అంటుపెట్టడం సులువయింది. తినే గడ్డి పొగయిపోతుంటే చూడలేక మా ఇంట్లో మగవాళ్లతో నేను చాలాసార్లు పోట్లాడాను. గడ్డిని కట్టలు చుట్టే బేలర్లు ఈ మధ్యనే వచ్చాయి, కాస్త నయం.

రెండో కారణం ఎవరూ పైకి చెప్పరు. పసులు కాసే పోరగాడు లేకుండా పోయాడు. పోవాల్సిందే.

మా తాత కాలంలో మూడు జతలు, ఆవులు, దూడలు నిలబడ్డాయంటే దాని వెనక ఒక పిల్లవాడి బాల్యం ఉంది. ఉగాదికి జీతం మాట్లాడుకునేవాళ్లు. ఏడాదికి ఇన్ని జొన్నలు, రెండు జతల బట్టలు, చెప్పులు, ఒక గొంగడి. తండ్రి తీసుకున్న అప్పు అందులో నుంచి పట్టుకునేవాళ్లు. అప్పు తీరేది కాదు. నేను బడికి పోయేటప్పుడు మా ఇంటి పిల్లవాడు పసులను తోలుకుపోయేవాడు. ఇద్దరిదీ ఇంచుమించు ఒకే ఈడు. వానలో తడిసేది అతను, పసులు ఎవరి చేనులోనో పడితే బందెల దొడ్డి దగ్గర దెబ్బలు తినేది అతను. పొలాల పండుగ నాడు ఎడ్ల తర్వాత అతనికి పోలె పెట్టేది మా అమ్మ. అప్పుడు అది ప్రేమ అనుకున్నాను. ఎడ్ల తర్వాత అన్న ఆ వరస ఇప్పుడు తలుచుకుంటే మింగుడుపడదు. 1976లో వెట్టిచాకిరి రద్దు చట్టం వచ్చింది. చట్టం కన్నా మెల్లగా, కానీ గట్టిగా, బడి వచ్చింది. ఆ తర్వాత దుబాయి, మస్కట్ దారులు తెరుచుకున్నాయి. పల్లెల్లో ఎడ్లు తగ్గాయని బాధపడే పెద్దమనుషులు ఈ లెక్క కూడా వేసుకోవాలి. ఆ పాత మంద తిరిగి రావాలంటే ఆ పిల్లవాడు మళ్లీ బడి మానాలి. నేను దానికి ఒప్పుకోను.

చెరుకు కథ మిగతాది తొందరగా చెప్పుకోవచ్చు. ట్రాక్టర్ ట్రాలీలు, లారీలు ఎడ్ల బండ్ల క్యూను తరిమేశాయి. 2002లో ఫ్యాక్టరీ ప్రైవేటు చేతుల్లోకి పోయింది. 2015 డిసెంబరులో మూతపడింది. ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని చెప్పుకున్న మిల్లు అది. చెరుకు వేసిన మా ఊరి భూముల్లో వరి, సోయా, పసుపు వచ్చాయి. కోస్లి దగ్గర గోదావరి నీళ్లను ఎత్తి పోసే అలీసాగర్ పథకం వచ్చాక నిజాంసాగర్ కాలువ చివరి భూములకు కూడా రెండో పంటకు ధైర్యం వచ్చింది. నీళ్లు ఉన్నాయి, పంట ఉంది. కాడి మాత్రం గోడకు ఆనించి ఉంది.

2019 పశుగణన ప్రకారం తెలంగాణలో ఆవులు, ఎడ్లు కలిపి సుమారు 42 లక్షలు, అంతకు ముందు లెక్క కన్నా తక్కువ. గొర్రెలు కోటీ 90 లక్షలు, దేశంలో మొదటి స్థానం. 2017 నుంచి సర్కారు పంచిన గొర్రెలు కూడా అందులో ఉన్నాయి. నవీపేట్ అంగడిలో ఈ మార్పు లెక్కలు చదవకుండానే కనబడుతుంది. ఎడ్లు కట్టిన చోట మేకలు, పొట్టేళ్లు నిలబడుతున్నాయి.

ఇప్పుడు జత ఎడ్లను ఉంచుకున్నవాళ్లు మా చుట్టుపక్కల ఊళ్లలో వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది. వాళ్లకు పని లేక కాదు. పసుపు బోదెల మధ్య, పత్తి సాళ్ల మధ్య ట్రాక్టర్ తిరగదు. నల్లరేగడిలో వాన పడ్డ మరునాడు చక్రం దిగబడుతుంది. అప్పుడు దంతె తోలడానికి ఎడ్లవాళ్ల ఇంటి ముందు మనుషులు నిలబడతారు. రోజుకు అడిగినంత కిరాయి ఇస్తారు. పని మిరుగం నుంచి పొలాల దాకా, ఆ తర్వాత మళ్లీ తీరిక. చెరుకు బండి లేదు కాబట్టి ఈ ఎడ్లకు తాత కాలం నాటి ఎండకాలం తిరిగి వచ్చింది, మేత దొరికితే.

నేర్పేవాళ్లే తక్కువయ్యారు. పోయిన చలికాలం మా వాడకట్టులో ఒక రైతు రెండు ఎర్ర కంధారి కోడెలు తెచ్చాడు. కాడి మరపడం వాళ్ల ఇంట్లో కొడుకులకు తెలియదు, పక్కన నడవడానికి ముసలి ఎద్దు ఊళ్లో లేదు. ధర్మాబాద్ దిక్కు ఊరి నుంచి ఒక ముసలాయనను, ఆయన ముసలి ఎద్దును ఆటో ట్రాలీలో ఎక్కించి తెచ్చుకున్నారు. సంక్రాంతి దాకా వాళ్ల ఇంట్లోనే ఉన్నాడు. కూలితో పాటు రెండు పూటలా జొన్నరొట్టె అడిగాడు. ఆయన ఎద్దుకు సొప్ప కావాలన్నాడు. సొప్ప కోసం వాళ్లు బిలోలి దాకా పోయి కొనుక్కొచ్చారు.